తొక్కు

హోమ్‌ఫర్త్ దాటాక, కొండ మూడో మలుపు దగ్గర
బస్సు ఆగిపోయింది.
రోడ్డు మూసేశారు, సైకిల్ రేసు, అన్నాడు డ్రైవరు.
ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ దిగి
నిద్రలో నా స్టాపు ఎప్పుడో దాటిపోయినదాన్ని.
అప్పటికి తొమ్మిది. రేసు రెండున్నరకట.
వాన మాత్రం నాకన్నా ముందే వచ్చి
మంచి చోటు చూసుకుంది.

ఇది ఉరిమే వాన కాదు.
మెరవదు, వచ్చానని చెప్పదు.
అద్దె బాకీ ఉన్నవాడు మెట్లు దిగినంత మెల్లగా
మెడ వెనక నుంచి వీపులోకి దిగుతుంది.
పదకొండింటికల్లా నా రెయిన్‌కోటు చేతులెత్తేసింది.

పక్కన మడత కుర్చీలో డోరీన్.
డెబ్బై దాటిన మనిషి,
మోకాళ్ల మీద చెత్తబుట్ట కవరు కప్పుకుంది.
ఇరవై మూడేళ్లుగా ఇదే మలుపట.
"కిందైతే రయ్యిమని పోతారు.
పైనైతే అప్పటికే చచ్చి ఉంటారు.
చచ్చేది ఇక్కడే. మొహాలు బాగా కనిపిస్తాయి,"
అంది, టీలో బిస్కెట్టు ముంచుతూ.

ఆమె దగ్గరొక సుద్దముక్కల డబ్బా.
తారు మీద పేర్లు రాస్తోంది,
వాన చెరిపేస్తోంది,
మళ్లీ రాస్తోంది.
ఇద్దరికీ తొందర లేదు.

"నువ్వూ రాయి," అని నీలం ముక్క ఇచ్చింది.
రేసులో నాకు ఒక్క పేరూ తెలియదు.
వంగి, గొర్రెపెంటికలు తప్పించి,
మూరెడేసి అక్షరాలతో రాశాను:
తొక్కు.

"ఏమిటది?"
పెడల్ తొక్కమని, అన్నాను.
మా ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని
రాత్రి తినకుండా మిగిల్చిన డబ్బా తెరిచాను.
మామిడికాయ తొక్కు.
ఆమె శాండ్‌విచ్ విప్పి, కీరా ముక్కల మీద కాస్త పూసుకుంది.
మొహం ఎర్రబడి, ముక్కు కారి,
కాసేపు ఇంగ్లీషు మరిచిపోయి,
"ఇంకొంచెం," అంది.

జగిత్యాలలో మొగిలన్న దుకాణం.
అద్దె సైకిలు గంటకు రూపాయి.
సీటు అందక కైంచీ తొక్కేదాన్ని,
డండీ కింద నుంచి కాలు దూర్చి
ఒక పక్కకు ఒరిగి, ఎండ్రకాయలాగా.
పోయేటప్పుడు అంతా పల్లమే.
అది గడ్డ అని తిరిగొచ్చేటప్పుడు తెలిసేది,
గంట దాటిపోయాక.

రాతిగోడ అవతల గొర్రెలు ముందు తలలెత్తాయి.
తర్వాత మోటార్‌సైకిళ్లు.
తర్వాత, కింది మలుపు నుంచి కేకలు.

వచ్చారు.
అందరూ ఆడవాళ్లు.
ఎవరు ఏ దేశమో, ఏ జట్టో తెలియనీయకుండా
వాన అందరికీ ఒకే బురద రంగు వేసింది.
చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర
తడి గొలుసుల కిరకిర,
ఊపిరి, ఊపిరి మీద ఊపిరి,
ఎవరో తనను తానే తిట్టుకుంటున్న గొణుగుడు.
డోరీన్ కుర్చీ తన్నేసి లేచింది.
"టొక్కూ! టొక్కూ!"
గోడ మీది పిల్లలు అందుకున్నారు.
గొడుగుల కింది పెద్దమనుషులు అందుకున్నారు.
మలుపు మలుపంతా పచ్చడి పేరు పెట్టి అరుస్తుంటే
నాకు నవ్వాగక,
నోరు తెరిచేసరికి సగం మంది పోయారు.

పోతూ పోతూ ఒకామె చక్రం నా అక్షరాల మీదుగా వెళ్లింది.
నీలం నీళ్లు ఆమె పిక్కల మీదికి చిమ్మాయి.
తొ పోయింది.
క్కు మిగిలింది.
వెనక గుంపు అదీ పట్టుకుపోయింది.

ఐదున్నర గంటలకు నలభై సెకన్లు.

ఎవరు గెలుస్తారని అడిగాను.
"అది కొండ అవతలి సంగతి," అంది డోరీన్,
కుర్చీలో నిలిచిన నీళ్లు వంచేస్తూ.
నా డబ్బా మూతపెట్టి చేతికిచ్చింది.
లోపల రెండు బిస్కెట్లు.
ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని
ఈ కొండ మీద ఆమెకు ఎవరు చెప్పారో.

రోడ్డు ఇంకా తెరవలేదు.
నడిచి దిగుతున్నాను.
బూట్ల పక్కన సన్నటి నీలం చార,
నాకన్నా ముందు
ఊళ్లోకి.