ఫర్ తర్వాత ఎవరు

గ్రిమ్స్‌బీ రేవు వెనక, మెథడిస్టు చర్చి వంటగదిని ఆనుకున్న చిన్న గదిలో
మంగళవారం ఏడింటికి ఇంగ్లీషు.
హీటరు ఒక పక్కనే పనిచేస్తుంది.
ఆ పక్క కుర్చీలు ముందే నిండిపోతాయి.
ఆలస్యమైనవాళ్లు కోటు విప్పకుండానే
వ్యాకరణం నేర్చుకోవాలి.

మంచు వల్ల రావడం మాకు కష్టమైందని
బోర్డు మీద ఇంగ్లీషులో రాసింది ఈనిడ్ టాస్కర్.
రాస్తూ రాస్తూ నడుమ ఒక్కచోట ఖాళీ వదిలింది.
"ఇక్కడ ఏం రావాలి?"
ఎవరూ పలకలేదు.
"ఇట్," అంది తనే.

దానికి అర్థమేమిటని అడిగాడు వైదోతాస్,
హాడాక్ చేపల ముళ్లు పీకీ పీకీ
వేలి కొసలు పాలిపోయినవాడు.
"ఏమీ లేదు.
అసలు మాట వెనక నుంచి నడిచొస్తోంది.
అది వచ్చేదాకా కుర్చీ మీద
ఎవరో వేసి ఉంచిన మఫ్లరు ఇది."

అతనికి నచ్చలేదు.
లిథువేనియన్‌లో నాకు బరువు అంటాం, అయిపోయింది.
బరువన్నా కష్టమన్నా మాకు ఒకటే మాట.
ఈ ఉత్తుత్తి మాటకి కూడా జీతం ఇవ్వాలా?

లెతెబ్రహన్ తలెత్తింది.
మా తిగ్రిన్యాలోనూ అంతే అంది.
వాళ్లిద్దరూ అప్పుడు చూసుకున్న చూపు
ఒకే స్టాపులో దిగిన ఊరివాళ్ల చూపు.

తర్వాత ఆమె సంచిలోంచి
నాలుగు మడతల ఉత్తరం తీసింది.
ఇళ్ల ఆఫీసు నుంచి వచ్చింది.
ఆమె ఉండేది మూడో అంతస్తు.
లిఫ్టు ఆగింది అక్టోబరులో.
కవలలు, పదకొండో నెల.
రోజూ మెట్ల కింద నిలబడి
ముందు ఎవర్ని మోసుకెళ్లాలో,
ఎవర్ని తలుపు దగ్గర ఏడవనివ్వాలో
తేల్చుకోవాలి.

ఉత్తరంలో ఒక్క వాక్యం కింద పెన్సిలు గీత ఉంది:
మీకు సాయం చేయడం మాకు సులువయ్యేందుకు
దయచేసి ఈ పదిహేడు పేజీలు నింపండి.

ఈనిడ్ దాన్ని బోర్డుకెక్కించింది.
"ఇట్ ఎక్కడుంది?" చూపించారు.
"ఫర్ ఎక్కడుంది?" చూపించారు.
"ఫర్ తర్వాత ఎవరున్నారు?"

కాసేపు కెటిల్ మరుగుతున్న చప్పుడు.
"వాళ్లే," అన్నాడు మంగలి హేమిన్,
కుర్దిష్‌లో ఏదో గొణుక్కుని పెద్దగా నవ్వాడు.
సాయం మనకి, సులువు వాళ్లకి!

ఈనిడ్ నవ్వలేదు.
"ఎవరు ఎంత తియ్యగా రాసినా సరే
ఆ పొట్టి మాట వెనక ఎవరు నిలబడ్డారో
ముందు అది చూడండి.
కామాలు తర్వాత నేర్పుతాను."

ఆ పూట అభ్యాసం అదే, తలా ఒక జవాబు.
లిఫ్టు నాకు కష్టం చేసింది అని మొదలుపెట్టింది లెతెబ్రహన్.
కొట్టేసింది.
పాపం లిఫ్టు ఏం చేసింది, అది ఇనప పెట్టె.
చాలాసేపు పెన్ను కొరికి
లిఫ్టు ఉన్నచోట మీరు అని పెట్టింది:
నా ఇద్దరు పిల్లల్నీ ఒక్కసారే ఇంటికి తీసుకెళ్లడం
మీరు నాకు కష్టం చేస్తున్నారు.

ఈనిడ్ రెండుసార్లు చదివింది.
"తప్పుల్లేవు. మర్యాద కాస్త తగ్గింది."
"మార్చనా?"
"వద్దు."

తొమ్మిదయింది. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చారు.
లైట్లు ఆర్పే ముందు వైదోతాస్
మార్కరు మూతను బిగించకుండా
ఊరికే పైన ఆనించి పెట్టాడు.
జనవరి నుంచీ ఈనిడ్ వేళ్లు వణుకుతున్నాయి.
ఈ సంగతి మీద ఆ గదిలో
ఎవరూ ఒక్క వాక్యమూ కట్టలేదు.

అలా పెడితే సిరా ఎండిపోతుంది, ఆమెకి తెలుసు.
రెండు వారాలకోసారి
మాట్లాడకుండా కొత్తది కొంటుంది.