వచ్చు

ఊరి పేరు క్యూ.
మొదటి రోజు రైలు దిగి, బోర్డు చూసి నవ్వుకున్నాను.
ఎవరు ఎన్నాళ్ళు నిలబడాలో రాసిన కాగితాలన్నీ
దాచిపెట్టిన చోటికి
ఇంతకంటే ఏం పేరు పెడతారు లెండి.

లోపలికి పెన్ను తేకూడదు, పెన్సిలే.
జ్వరం పిల్లాడిని పడుకోబెట్టినట్టు
ఫైలును మెత్తటి దిండు మీద వాల్చి
తాడు విప్పాలి.

మూడేళ్ళుగా నేను చదువుతున్నది ఒక్క వాక్యం.
పధ్నాలుగో నియమం, రెండో పేరా:
భార్యనో భర్తనో బిడ్డనో పిలిపించుకోవడం గురించి.
మొదటి ముసాయిదాలో "అనుమతి ఇవ్వాలి".
రెండోదాంట్లోనూ "ఇవ్వాలి".
మూడోదాంట్లో, ఒక మార్చి నెల చివర,
"షల్" మీద పెన్సిల్ గీత,
దాని నెత్తిన చిన్నగా, ఒద్దికగా, "మే".

ఇవ్వాలి కాస్తా ఇవ్వవచ్చు అయింది.
ఎందుకో మార్జిన్‌లో లేదు.
జి.టి. అని రెండు పొడి అక్షరాలు, ఒక టీ మరక.

జి.టి.ని పట్టుకోవడానికి పదకొండు నెలలు పట్టింది.
గ్లెనిస్ థోర్ప్, ఎనభై మూడేళ్ళు,
బెక్స్‌హిల్‌లో సముద్రం సగమే కనబడే ఇల్లు.
చిక్కుడు తీగకు పుల్లలు పాతుతూ చెప్పింది:
"ఓ, అదా. కాస్త వెసులుబాటు ఉండనీ అన్నారు పైవాళ్ళు.
ఎవరికి వెసులుబాటు అని నేనడగలేదు.
ఆ రోజు శుక్రవారం. నాలుగూ నలభై బండి అందుకోవాలి."

తర్వాత క్రాయిడన్.
అద్దం వెనక ఎఫువా మెన్సా
అటూ ఇటూ చూసి కీబోర్డు ఎత్తింది.
కింద ఒక చీటీ. ఏ చట్టంలోనూ లేదది,
ఏ ఆర్కైవ్‌కీ చేరదు.
ఆ కుర్చీలో తనకన్నా ముందు కూచున్నవాడెవడో
రాసి, ప్లాస్టిక్ తొడిగి మరీ అంటించాడు:
"'మే' అన్నచోట ముందు కాదను. అప్పీలుకొస్తే అప్పుడు చూద్దాం."

వచ్చు అనే మాట
ఇన్ని మెట్లు దిగేసరికి
వద్దు అయింది.

"నేను రాయలేదు" అంది ఎఫువా.
"రోజుకు ఇరవై రెండు ఫైళ్ళు. టీకి లేచినా స్క్రీను లెక్కపెడుతుంది."
కోపం ఎవరి మీద పెట్టుకోవాలో
నా పరిశోధనా పద్ధతుల అధ్యాయంలో లేదు.

మా భాషలో ఈ "వచ్చు" ఒక వింత.
అనుమతినీ రాకనీ ఒకే నోటితో పలుకుతాం.
ఉండవచ్చు, తినవచ్చు, పడుకోవచ్చు,
ప్రతి పని వెనకా ఎవరో వస్తూనే ఉంటారు.
రావచ్చు అంటే రెండుసార్లు రావడం.
ఈ ముక్క సూపర్‌వైజర్‌కు పంపితే
"అందంగా ఉంది, ఆధారం కాదు" అని
పక్కన ఆకుపచ్చ సిరాతో రాసింది.
సరే, తీసేశాను.
ఇక్కడ పెట్టుకుంటున్నాను.

బెక్స్‌హిల్‌లో నేను లేచే ముందు
గ్లెనిస్ అడిగింది, నిజంగానే తెలుసుకుందామని:
"ఆ మాట వల్ల ఎవరికైనా ఇబ్బంది అయిందా అమ్మాయ్?"

నా సంచిలో తెస్ఫాయ్ ఇంటర్వ్యూ ఉంది.
నలభై ఏడు నిమిషాలు,
అందులో పంతొమ్మిది నిమిషాలు ఫ్రిజ్ మోతే.
కూతురికి నాలుగేళ్ళప్పుడు అర్జీ పెట్టాడు.
పుట్టినరోజుకు బూట్లు పంపుదామనుకుంటే
పిల్ల కాలి సైజు తెలియలేదట.
ఫోన్‌లో మొహం కనబడుతుంది కానీ
పాదాలు ఎవరు చూపిస్తారు.

నేను ఇంకో బిస్కెట్ తీసుకున్నాను.
బాగున్నాయండీ, ఇంట్లో చేసినవా, అన్నాను.

పైవారం నా వీసా పొడిగింపు.
నాకు వర్తించే నియమం వెతికి చదివాను.
ఏముంటుంది, "మే".
చేతిలో పెన్సిల్ ఉంది.
ఈ గదిలోకి పెన్సిల్ రానిస్తారు,
రబ్బరు మాత్రం
గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు.