హబ్సిగూడలో సముద్రం అడుగు

కరెంటు పోయింది.
చల్లగదిలో గొట్టాల నిండా
బంగాళాఖాతం అడుగు బురద,
జానెడుకి పదివేల ఏళ్లు.
"జనరేటరు వెయ్, యుగాలు ఎండిపోతయ్!"
అరిచింది రంగమణి.

నిన్న తెర మీద చూపించింది:
నడిసముద్రంలో నేల కుట్టు విడిచి,
పొంగిన లావా చల్లారి,
గోరు పెరిగినంత నిదానంగా
కొత్త అడుగు పక్కకు జరగడం.
అటు సుమత్రా దగ్గర పాతది
అగాధంలోకి తల దూర్చడం.
ఇరవై కోట్ల ఏళ్లు దాటి బతకడం అరుదట.

మేం టిఫిన్ విప్పే బండకి
రెండువందల యాభై కోట్లు.
దాని మీదే చింతకాయ తొక్కు మూత.

ఆమె చెయ్యి కడిగిన నీళ్లకి
పగుల్లోంచి ఒక ఇసుక రేణువు కదిలింది.
మూసీ, కృష్ణ, హంసలదీవి...
"పోనియ్," అంది,
"ఎన్నటికన్న గొట్టంల వస్తది."

లోపల జనరేటరు దగ్గింది.