పొల్లు

రేగొండ దారిల సబ్‌స్టేషన్‌ల రాత్రి డ్యూటీ నాది.
బల్ల మీద ఎర్ర అట్ట రిజిస్టరు.
'ఇంటరప్షన్లు' అని రాసి పెట్టిండు దాని మీద
నాకంటె ముందున్న ఆపరేటరు, గుండ్రటి చేతిరాతతోటి.
గంత పొడుగు మాట ఇక్కడ ఎవ్వరు పలుకరు.
ఫోన్ చేసినోళ్లందరిది ఒక్కటే ముక్క:
కట్.

కరెంటు కట్ చేసిండ్రా మేడమ్?
నేను నోరు తెరిచేలోపే ఫోన్ కట్.
రెండు దినాలు నాగా పెడితే జీతంల కట్.
కటింగ్ షాపుల మా పిల్లగాడు
ఫోన్ల ఎవరిదో తలకాయ చూపెట్టి అడిగేది గూడ గదే.
హన్మకొండ హాస్టల్ నుంచి మా చెల్లె
ఏడ్వకుంట చెప్పింది: "మాది కట్ అయిందక్కా."
ఇంకో మాట అడగనియ్యలే.

మా నాయిన ఉన్నన్నాళ్లు "కరెంటు పోయింది" అన్నడు,
బజారుకు పోయిన మనిషి లెక్క.
పోయినోడు రాకేం జేస్తడని
అరుగు మీద బీడీ ముట్టిచ్చుకుని కూసునేటోడు.
కట్ అంటే గట్ల గాదు.
ఎవరో చేసిండ్రని.
ఈ పదకొండు ఊళ్లకు ఆ ఎవరో నేనే.

పదకొండున్నరకు సారంగపాణి:
"మూడో ఫీడరుకు ఎల్‌సీ ఇయ్యిరి మేడమ్,
చెర్వెనుక జంపర్ తెగింది."
బ్రేకర్ గుంజిన. స్విచ్చి తీసిన. తాళమేసి
తాళంచెయ్యి చున్నీ కొసకు ముడేసుకున్న.
టైమ్ రాసిన. 11.32.

పన్నెండు దాటినంక ఓదెలు, పత్తిపాక నుంచి:
"వరి పాలు పోసుకుంటాంది మేడమ్,
మడి నెర్రెలిచ్చింది.
ఈ ఒక్క తడి అందకుంటె అంత పొల్లే.
తోలుంటది, లోపల గింజుండదు."
మనిషి స్తంభం మీద ఉన్నడే అని చెప్పేలోపు
కట్.

పొల్లు.
రెండో తరగతిల సమ్మయ్య సారు
సుద్దముక్క ఇరిగేటట్టు గీసి చూపెట్టిండు:
అక్షరం నుంచి అచ్చు తీసేస్తే మిగిలేది పొల్లు.
మన నోటికి అచ్చు లేకుంట మాట దిగదు.
రోడ్‌ను రోడ్డు చేసుకున్నం, బస్‌ను బస్సు,
బల్బుకు ఫ్యూజుకు కొమ్ములు పెట్టి ఇంట్లకు తోలుకున్నం.
దీన్నొక్కదాన్నే పొల్లుతోటి వాకిట్ల నిలబెట్టినం.
కొమ్ము పెడితే ఏమైతది?
కట్టు.
బర్రెను కట్టు, గోడ కట్టు, కాలిన చేతికి కట్టు.

సారంగపాణి వాళ్ల నాయినది కొత్తవాడల మగ్గం.
పోగు తెగితే రెండేళ్ల నడుమ నలిపి
తెగిన జాడ లేకుంట అతికేటోడట.
కొడుకు ఇప్పుడు ముప్పై అడుగుల పైన, చీకట్ల,
అల్యూమినియం తీగెతోటి గదే పని.
నేను తెంపి ఉంచినన్ని నిమిషాలే ఆయిన ఆయుస్సు.

ఒంటిగంట. ఆయిన ఫోన్ స్విచాఫ్.
ఒంటిగంటన్నర. స్విచాఫ్.
మిషిని హూంకరిస్తనే ఉన్నది.
బ్రేకర్ ఎక్కియ్యడానికి ఒక్క వేలు చాలు.
ఎన్ని మడుల పాలు ఎండుతున్నయో
నా వేలుకు ఎరుకే.
చున్నీ కొస పిడికిట్ల పట్టుకుని కూసున్న.

రెండు పదికి మళ్ల ఓదెలు నంబరే.
తిట్లకు తయారై ఎత్తిన.
"మేడమ్, నేను సారంగపాణిని. నా ఫోన్ సచ్చింది.
గీ పెద్దమనిషి మీ మీద కోపంతోటి వచ్చి
గంటసేపు టార్చి పట్టిండు. దిగిన. ఎక్కియ్యిరి."
ఎల్‌సీ నంబరు చెప్పుమన్న. చెప్పిండు.
మళ్లొకసారి చెప్పుమన్న.
ఎనుకనుంచి ఓదెలు: "నమ్మదా ఏంది ఈమె?"

ముడి బిగుసుకపోయింది, పండ్లతోటి ఇప్పిన.
2.14. సప్లై ఇచ్చినం.
రిజిస్టరుల కారణం రాసేందుకు గడి ఉన్నది,
నిమిషాలు రాసేందుకు ఉన్నది.
పత్తిపాకల గింజ పట్టిందా లేదా
రాసే గడి లేదు.
కోతలకు ఫోన్ చేస్తనన్నడు ఓదెలు.
చెయ్యలే.