ఫ్రీజర్‌లో ఆషాఢం

ఆషాఢంలో చలి వణికించే ఊరు మాది, క్వీన్‌బియన్.
తెల్లవారుజామున ఐదింటికి
కారు అద్దం మీద మంచు పెచ్చు కట్టింది.
పాత లైబ్రరీ కార్డుతో గీకుతుంటే
వరండాలోంచి హైమవతి:
"వారమంతా బస్సు తోలింది చాల్లేదా?"
పేరులోనే మంచున్న మనిషి,
మూడు స్వెట్టర్ల లోపలి నుంచి మాట్లాడుతోంది.

చాల్లేదు.
ఐదు రోజులూ ఎవరి పిల్లల్నో దింపుతాను.
ఎక్కుతూ గుడ్ మార్నింగ్, దిగుతూ థాంక్యూ,
మధ్యలో వాళ్లకి నా వీపు,
నాకు వాళ్ల నడినెత్తులు.
ఆరో రోజైనా
అద్దంలో నా వాళ్లు కనపడాలి కదా.

కూమాలో చక్రాలకి గొలుసులు అద్దెకి తీసుకున్నాం.
ఎలా తొడగాలో కొట్టువాడు రెండుసార్లు చూపించాడు.
ఇరవై రెండేళ్ల లైసెన్సు నాది,
వినకుండానే తలూపాను.

జిండబైన్ చెరువు గట్టున పులిహోర విప్పాం.
పాత ఊరు ఈ నీళ్ల కిందే ఉందట,
ఆనకట్ట కట్టి ముంచేశారట.
మూతికి మెతుకులు అంటించుకుని తనుష్ అడిగాడు:
"వాళ్లు తలుపులు వేసుకుని వెళ్లారా?"
హైమ నా వంక చూసింది,
నేను మాగాయ సీసా వంక.

కొండెక్కే ముందు
దారి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.
వేళ్లు మొద్దుబారాయి, గొలుసు ఎంతకీ పట్టదు.
ఇందుజకి పదమూడేళ్లు.
చెవుల్లో పాట ఆపకుండానే
"కొక్కెం బయటికుండాలి నాన్నా" అంది.
అవును, బయటికే ఉండాలి.
డిపోలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కిందటేడు దాకా
ఆ ఎర్ర ప్లాస్టిక్ బల్ల మీద ముగ్గురికి చోటుండేది:
ముందు వాడు, మధ్యలో అది,
వెనకాల బ్రేకులా నేను.
ఈసారి "మీరిద్దరూ వెళ్లండి" అంది.
ఆ మాటలో కోపం లేదు.
ఉంటే బాగుండేది.

జారాం.
వాడి కేక ముందు, దాని వెనక మేం.
కంచె దగ్గర బోర్లా పడ్డాం.
నా ముక్కులో మంచు,
నడుములో ఎక్కడో
యాభై దగ్గర పడుతున్న చప్పుడు.
పైన గట్టు మీద చిన్న నీలం చుక్క
ఫోనెత్తి పట్టుకుని నిలబడింది.
మమ్మల్ని తీస్తోందో, తనని తానే తీసుకుంటోందో
అంత దూరం నుంచి తెలియలేదు.
ఎందుకైనా మంచిదని చెయ్యి ఊపాను.

నాలుగింటికి,
పొద్దుట్నుంచీ కాఫీ కొట్లో హీటరుకి కాపలా కాసిన హైమ
ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చింది,
బల్ల మీద కూర్చుంది,
కొంగు దోపినట్టు కోటు దోపుకుంది,
జారింది.
పదహారేళ్ల కాపురంలో
ఆ కేక నేనెప్పుడూ వినలేదు.
దాన్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచింది?
ఇంటికెళ్లాక అడుగుదామనుకుని మర్చిపోయాను.

తిరుగు దారిలో మునిమాపు వేళ
కంగారూలు రోడ్డంచున నిలబడి
దాటాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి.
తడి మేజోళ్ల వాసన కారంతా.
అద్దంలో చూశాను:
ఇందు తల తమ్ముడి భుజం మీద,
వాడి నోరు తెరుచుకుని ఉంది.
నిద్రపోయేవాళ్లు లేవకుండా బండి ఆపడం
నా ఉద్యోగం నేర్పిన ఒకే ఒక్క విద్య.
ఆ రాత్రి ప్రతి మలుపులోనూ వాడాను.

ఐస్ బాక్సులో తనుష్ తెచ్చుకున్న మంచుముద్ద
ఫ్రీజర్‌లో చేరింది,
మునక్కాడల ప్యాకెట్‌కీ కొబ్బరి తురుముకీ నడుమ.
డిసెంబరొచ్చింది. నలభై డిగ్రీలు.
వాడు రోజూ తలుపు తీసి చూసి, మూసేస్తాడు.
కరెంటు బిల్లని అరవాలి. అరవలేదు.

ఒక రాత్రి ఆఖరి ట్రిప్పు ముగించుకొచ్చి
నేనూ తీశాను.
ఉంది. నిమ్మకాయంత.
దాని మీద అంటించిన కాగితం మీద
ఇందు చేతిరాత, తెలుగులో,
వత్తు మర్చిపోయి:
"ముట్టుకోవదు".