అర మార్కు

నల్లపాడు దాటాక ఫార్మసీ కాలేజీ వెనక
కిటికీల్లేని గది.
బయట మే నెల గుంటూరు, నలభై ఆరు.
లోపల ఇరవై రెండు డిగ్రీలు, అటూ ఇటూ ఒకటి.
పన్నెండు గంటలు పగలు, పన్నెండు గంటలు రాత్రి,
రెండూ గోడ మీది టైమరు చెప్పినట్టే.

నూట ఇరవై నల్ల చిట్టెలుకలతో మొదలుపెట్టాం.
ఇప్పుడు తొమ్మిది.

నా చేతిలో కాగితం, ముప్పై ఒక్క గళ్ళు.
బొచ్చు రాలిందా. నెరిసిందా.
మీసాలు ఎన్ని మిగిలాయి.
వెన్ను గూను కట్టిందా, వేలితో నిమిరితే సర్దుకుంటుందా.
కంట్లో పొర. తోక బిరుసు. నడకలో వణుకు.
లేకపోతే సున్న. బాగా ఉంటే ఒకటి.
కొంచెమే ఉంటే అర.
అన్నీ కూడి ముప్పై ఒకటితో భాగిస్తే
ముసలితనం,
రెండు దశాంశ స్థానాల దాకా.

"అర ఏంటమ్మా?" అంటుంది నాగూర్‌బీ.
"ముసల్దైతే అయింది, లేకపోతే లేదు.
అర ముసల్దెవరు, నువ్వా?"
నాకు ముప్పై ఆరు.
చెవి పక్కన తెల్ల వెంట్రుక. రెండో గడి.

నాగూర్‌బీ బోన్లు కడుగుతుంది, ఊక మారుస్తుంది.
అంతకు ముందు పదిహేడేళ్ళు
యార్డు పక్క గోడౌన్లలో మిరప తొడిమలు తీసింది, కిలోకింతని.
వేలిముద్రలు అరిగిపోయాయి.
హాజరు మిషను ఆమెను ఇప్పటికీ గుర్తుపట్టదు.
చేరిన వారం ఎలుకలన్నీ తుమ్మాయి.
మజ్జిగతో కడిగింది, శనగపిండితో రుద్దింది,
రెండు జతల గ్లోవ్స్ వేసింది.
ఘాటు పోవడానికి నెల పట్టింది.

పట్టు కొలిచే మిషను ఉంది మా దగ్గర.
ఎలుక ముందుకాళ్ళతో జాలీని పట్టుకుంటుంది,
తోక పట్టి మెల్లగా వెనక్కి లాగుతాం.
వదిలేసిన చోటే లెక్క.
నాగూర్‌బీ ఒకసారి చూపుడువేలు తగిలించి లాగింది.
మిషను కీచుమంది, అంకె రాలేదు.
"దీనికి చిన్నోళ్ళ కష్టమే తెలుస్తుంది" అంది.

నలభై ఏడో నంబరు. ఆడది. ఎడమ చెవికి రెండు గాట్లు.
ఇవాళ్టికి వెయ్యీ పన్నెండో రోజు.
నా గ్రాఫు ప్రకారం కిందటి దీపావళికే పోవాలి.
తోక కొసన తీసిన నెత్తుటిబొట్టు
హైదరాబాదు పంపిస్తే నెలకి జవాబొస్తుంది:
డీఎన్ఏ మీద పేరుకున్న గుర్తుల లెక్కన దీని వయసు ఇంత,
తేడా ఉంటే ఎనభై రోజులు.
మొన్నటి ఎనభై రోజుల్లో ఐదు చచ్చిపోయాయి.

నాగూర్‌బీ జవాబు పొద్దున్నే వస్తుంది.
బోను తీసి ముందు గూడు చూస్తుంది.
టిష్యూ కాగితం చింపి పీచుపీచు చేసి
గిన్నెలా గుండ్రంగా అల్లుకుని ఉంటే
"దీనికింకా పనుంది" అంటుంది.
వేసిన కాగితం వేసినట్టే మూలన ఉంటే
బోను మీది చీటీని వేలితో ఒకసారి తట్టి వెళ్తుంది.
నాలుగు రోజులు. మహా అయితే ఆరు.
పదకొండు సార్లు చూశాను, ఒక్కసారే తప్పింది,
కరెంటు పోయి జనరేటరు మొరాయించిన రాత్రి.
బోన్లన్నీ మెట్ల మీదికి మోసి,
తడి గోనెలు కప్పి,
తెల్లార్లూ అట్టముక్కలతో విసిరాం.
గట్టిదీ గుల్లదీ తేడా లేకుండా నాలుగు పోయాయి.
నా అంకెలూ తప్పాయి, ఆమె గూళ్ళూ తప్పాయి.

నా కాగితంలో గూడుకి గడి లేదు.
ముప్పై రెండోది పెన్సిలుతో గీశాను,
గైడుకి చెప్పలేదు.

పొద్దున చూస్తే నలభై ఏడు పక్కకి ఒరిగి ఉంది.
ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.
కాగితం మూలనే, మడత విప్పలేదు.
ఒక్క కొస మాత్రం, చింతాకంత,
కొరికి గడ్డం కిందికి లాక్కుంది.

కడితే సున్న, మానేస్తే ఒకటి.
పెన్సిలు చాలాసేపు గడి మీదే ఉంది.
అర అని వేశాను.

భుజం మీదుగా చూసింది నాగూర్‌బీ.
అర ఏంటని అడగలేదు.
చీటీని తట్టలేదు.
నీళ్ళ సీసా తీసి, పాతవి పారబోసి,
మూతిదాకా నింపి పెట్టింది.