బయానా

కాజీపేట డీజిల్ కాలనీ. మెల్విన్ సార్
గిటార్‌ను మంచం మీద పండబెట్టిండు
జ్వరమొచ్చిన పిల్లను డాక్టర్‌కు చూపినట్టు.

పొట్టకు రెండు కోతలు, కొర్రమీను మొప్పలు.
మెడ కొంచెం వంగింది.
ఐదో మెట్టు కాడ వార్నిష్ లేచిపోయి
ఎవరి వేలో ముప్పై ఏండ్లు కిరాయికున్న జాగ.

"రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల శనివారం డ్యాన్సులకు
మా నాయన వాయించేది."
ముప్పై ఎనిమిది వేలని
కిటికీకి చెప్పిండు, నాకు కాదు.

బండి కిస్తులు ఇంకా ఏడున్నయి.
నాకొచ్చిన జాజ్ మూడు పాటలు,
అందులో ఒకటి సగమే.

మీటిన.
గూడ్సు పోతుంటే అద్దం వణికినట్టు
లోపల ఏదో పుల్ల ఊడి గరగరమన్నది.
బేరానికి సందు దొరికింది.
నోరు తెరవబోతే
ఆ గరగరకే ఆయన చెప్పులేని కాలు
గచ్చు మీద లెక్క పెడుతున్నది.

జేబుల ఐదొందల నోటు.
తియ్యలేదు.
పెట్టె మూత మాత్రం పడనియ్యలేదు.